ఐస్‌ట్రే కింద ట్యూబు

ల్యాబులో మళ్లీ అదే వరస. వదిన ప్లేటు బోడిగుండులా నున్నగా ఉంది, పక్క బల్ల మీద ఆడపడుచు ప్లేటేమో తట్టు పోసినట్టు చుక్కలే చుక్కలు.

రెండు డీఎన్ఏ ముక్కల్ని ఎంజైమ్‌తో అతికించి బ్యాక్టీరియాలోకి ఎక్కించాలి. అతుకు పడితేనే ప్లేటు మీద బ్యాక్టీరియా చుక్కలు మొలుస్తాయి. ఈసారీ మొలవకపోతే పని ఆడపడుచుకిచ్చేస్తానని గైడు మేడమ్ తేల్చి చెప్పేసింది. అదే జరిగితే వదిన ఇన్నాళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

ఎవరో తన సరుకులో చెయ్యి పెడుతున్నారని వదినకు మొదటినుంచీ అనుమానం. ఎవరో ఏమిటి, ఆడపడుచే! ఒకే ల్యాబు, ఒకే ఇల్లు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే ఎంజైమ్‌తో కలిపే ద్రవం ట్యూబును రోజూ సాయంత్రం సంచిలో వేసుకొచ్చి ఇంటి ఫ్రీజర్‌లో దాచి, పొద్దున్నే తిరిగి పట్టుకెళ్తోంది.

ఆ సాయంత్రం ఆడపడుచు ఐస్ కోసం ఫ్రీజర్ తెరిచింది.

"వదినా, ట్రే కింద ఈ ట్యూబేంటి?"

"నాది. ముట్టుకోకు."

"రోజూ మోస్తున్నావా? దారిలో కరిగిపోదూ?"

"కరిగితే కరిగింది. దొంగల మధ్య వదల్లేను కదా!"

"అయ్యో రాత! కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగితే అందులో శక్తినిచ్చే ఏటీపీ చచ్చిపోదూ? అది లేకుండా ఎంజైమ్ దేంతో అతికిస్తుంది, నీ కోపంతోనా?"

వదినకు తెలియని సంగతి కాదు, జూనియర్లకు తనే చెప్పిన పాఠం. ఆడపడుచు మీద పెట్టిన కన్ను ట్యూబు మీద పెట్టలేదు.

మర్నాడు ల్యాబులో ఆడపడుచు కొత్త ట్యూబు చేతికిచ్చింది. వదిన దాన్ని వెలుతురుకు ఎత్తి తిప్పి తిప్పి చూసింది.

"ముందు నీ ముక్కలకు వెయ్యి. నా ఎదురుగా."

"విషం పెడతానా ఏంటి?" అంటూనే ఆడపడుచు తన ముక్కల్లో ఒక చుక్క వేసుకుంది. అప్పుడుగాని వదిన పిపెట్ ముట్టుకోలేదు.

ఆ మర్నాడు రెండు ప్లేట్లూ చుక్కలతో నిండాయి. మేడమ్ చూసి, వదినతో "పని నీదేనమ్మా" అని వెళ్లిపోయింది.

వదిన మాత్రం ప్లేటు మీద నుంచి చూపు తిప్పలేదు. ఇన్నాళ్లు రానివి ఒక్కసారిగా ఇన్నా? ఇవి తన ముక్కలేనా, లేక ట్యూబులో ముందే కలిపిపెట్టిన ఆడపడుచు డీఎన్ఏనా?

"ఒక చుక్క పెంచి, డీఎన్ఏ తీసి కోసి చూస్తా. నా ముక్క సైజు వస్తేనే నమ్ముతా."

"చూడు వదినా, చూడు," అంది ఆడపడుచు నవ్వాపుకుంటూ. "కోసే ఎంజైమ్ కూడా నా దగ్గర కొత్తది ఉంది. ఇవ్వనా?"

"వద్దు," అంది వదిన, ప్లేటును చున్నీ చాటున పెట్టుకుంటూ.