రెండు వందల వాట్ల బల్బు

నేను ఒక మొండి లైటును. మందపాటి గాజు, దాని మీద ఇనప జాలీ, ఒళ్లంతా బోల్టులు. అందగత్తెనేం కాదు. నన్ను పోతపోసిన చోట నా మెడ దగ్గర ఒక రేకు బిగించి, ‘వంద వాట్లకు మించరాదు’ అని చెక్కారు. మనుషులు తాము రాసింది తామే చదవరని అప్పట్లో నాకేం తెలుసు!

ముందు ఒక రంగుల కంపెనీలో వెలిగాను. అది మూతపడితే తాడేపల్లిగూడెం దగ్గర తవుడు నూనె మిల్లువాళ్లు నన్ను పాత సామానులో కొన్నారు. తవుడులోంచి నూనె తీయడానికి అక్కడ పెట్రోలులాంటి ద్రావకం వాడతారు. దాని ఆవిరికి నిప్పురవ్వే అక్కర్లేదు. బాగా కాలిన ఇనుము తగిలినా షెడ్డు పేలిపోతుంది.

దసరాకి ఆయుధపూజ అన్నారు. యంత్రాలకు రంగులేస్తూ నా రేకు మీద కూడా ఇంత ఆకుపచ్చ రంగు పులిమి, పైన కుంకుమబొట్టు పెట్టి దణ్ణం పెట్టారు. రేకు మీద ఒక్క అక్షరం మిగల్లేదు.

మర్నాడు మేనేజరు రాజుగారు చీకటిగా ఉందని విసుక్కున్నారు. ఎలక్ట్రీషియన్ ఏసుబాబు రెండు వందల వాట్ల బల్బు తెచ్చి నాకు బిగించాడు గానీ, నిచ్చెన దిగకుండా నసిగాడు.

“దీనికిది పడుద్దో లేదోనండి. రేకు మీద ఏం కనపడట్లేదు.”

“హోల్డర్లో బిగిసిందా లేదా?”

“బిగిసిందండి.”

“మరింకేంటయ్యా నీ నస!”

గంటలో నా ఒళ్లు పెనంలా కాలిపోయింది. కొత్త రంగు బుడగలు కట్టింది. సరిగ్గా అప్పుడే కింద పంపు దగ్గర ద్రావకం కారడం మొదలైంది. అక్కడే ఏసుబాబు భార్య మార్తమ్మ తవుడు ఊడుస్తోంది. పారిపోవే తల్లీ అని అరుద్దామంటే నాకు నోరేదీ? భయంతో చచ్చాను.

ఆమె ముక్కు ఎగబీల్చింది. తలెత్తి నన్ను చూసి, చీపురు పడేసి, పక్కనే ఉన్న స్విచ్చుల గదికి పరుగెత్తింది. అక్కడి మాటలన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి.

“ఏవయ్యో! వాసన గుప్పుమంటంది. ఆ లైటు రంగు ఉడికిపోతంది!”

ఏసుబాబు నా స్విచ్చు కట్టేశాడు.

“నేనే బిగించానే దాన్ని,” అన్నాడు.

మార్తమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

“ఇంకా ఎన్నింటికి బిగించేవు?”

“నాలుగు...”

ఒక్కో స్విచ్చూ వెతికే తీరిక లేదు. అతను మెయిన్ మీద చెయ్యేశాడు.

“మిల్లు ఆపేవంటే నీ ఉద్యోగం ఊడుద్ది!” రాజుగారి కేక.

ఏసుబాబు మెయిన్ కిందకి లాగేశాడు. మోటార్లన్నీ ఆగిపోయాయి. ఆవిరి పోయేదాకా ఎవరూ లోపలికి రాలేదు.

ఇప్పుడు నేను తుక్కు గదిలో ఉన్నాను. ఇక్కడ ఊడవడానికొచ్చిన మార్తమ్మ ఎవరితోనో చెబుతుంటే విన్నాను, ఏసుబాబుని ఆ వారమే పనిలోంచి తీసేశారట. బల్బు బిగించినందుకు కాదట, మిల్లు ఆపినందుకట.