మారదన్న అంకె

కీబోర్డు మీద దుమ్ము ఊదుకుని, ముబారక్ నల్లటి తెర మీద తను రాసిన కంప్యూటరు స్క్రిప్టు తెరిచాడు. కొల్లేరు చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే కాపలాదారు ఫోను మోగించే స్క్రిప్టు అది. ఏలూరులోని ఈ చేపల కంపెనీలో పదకొండేళ్లుగా అదే కుర్చీ. ఎవరిచేతా మాట పడకుండా నెట్టుకొచ్చాడు, పాపం, అదే గొప్పనుకుని.

మొదటి వరుసలో ఎప్పుడో తనే రీడ్‌ఓన్లీ అని రాసి, పక్కన మూడు పెట్టాడు. అలా పెడితే స్క్రిప్టు నడిచినంతసేపూ కింది వరుసలేవీ ఆ అంకెను మార్చలేవు. ఆక్సిజన్ మూడుకు పడితేనే అలారం. అలారం మోగితేనే నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వెయ్యాలని కంపెనీ నియమం.

కిందటి నెల చెరువు కాపలాదారు భాస్కరరావు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏవండీ, మబ్బేసిన రోజు మూడు దాకా ఆగితే చేప తట్టుకోదండీ. నాలుక్కే మోగేలా పెట్టండి."

"అది కాన్‌స్టెంటండీ. ఒకసారి పెట్టాక మారదు."

"అలాగాండీ," అని నమ్మేసి వెళ్లిపోయాడు.

మారదన్నది స్క్రిప్టుకే గాని రాసినవాడికి కాదు. ఫైల్లో మూడు చెరిపి నాలుగు కొట్టడం అర నిమిషం పని. కానీ ఏరియేటర్లు ఎక్కువసేపు తిరిగి కరెంటు బిల్లు పెరిగితే యజమాని తననే అడుగుతాడు. ఆ తలనొప్పి ఎందుకనుకున్నాడు.

మొన్న తెల్లవారుజామున మబ్బేసింది. అలారం మోగగానే భాస్కరరావు పరుగెత్తాడు. అప్పటికే చేపలు వెల్లకిలా తేలాయి. నిద్రపోయాడని యజమాని నలుగురిలో కేకలేసి, పనిలోంచి తీసేశాడు. ముబారక్ అక్కడే ఉన్నాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు.

ఇవాళ మూడు చెరిపి నాలుగు కొట్టాడు. యజమాని గదిలోకి వెళ్లి, తప్పు తనదని చెప్పేశాడు.

"మీరే వెళ్లి భాస్కరరావుని తీసుకురండి," అన్నాడు యజమాని.

ముబారక్ బండి మీద చెరువు దగ్గరికి వెళ్లేసరికి కాపలా పాకలో ఎవరూ లేరు. గట్టు మీద గడ్డి కోస్తున్న యేసమ్మ లేచి నిలబడింది.

"పొద్దున్నే పెళ్లాం బిడ్డల్ని తీసుకుని వెళ్లిపోయాడండీ. ఎక్కడికో చెప్పలేదు. ఫోను కంపెనీదంట, ఇచ్చేశాడు."

ఏరియేటర్ స్విచ్చి పెట్టెకు ఒక అట్టముక్క వేలాడుతోంది. కొత్తగా వచ్చే కాపలాదారు కోసం భాస్కరరావు వంకర టింకర అక్షరాలతో రాశాడు: "మబ్బేస్తే అలారం కోసం చూడకండి. అది మారదంట. మీరే వేసెయ్యండి."

వాన తగలకుండా దానికి పాలప్యాకెట్ కవరు తొడిగి ఉంది.