నల్ల సంచీలో రెండు గుడ్లు

బస్సు డిపోలో, టైర్ల గోదాముకీ మరుగుదొడ్లకీ మధ్య, కిటికీకి ఇనప ఊచలున్న గది ఒకటుంది. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులన్నీ సాయంత్రానికల్లా అక్కడికే చేరతాయి. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారైతే చంకకర్ర. ఆ కర్ర లేకుండా మనిషి బస్సెలా దిగాడో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. ఊచల వెనక కూర్చునే ఆవిడకి డ్రైవర్లు పెట్టిన పేరు జల్లెడ. ఆవిడ కన్నుగప్పి ఒకరి వస్తువు ఇంకొకరు పట్టుకుపోవడం జరగని పని. ఆ పేరు చెవిన పడితే పైకి కోపం నటించేది గానీ, లోపల పొంగిపోయేది.

చేరిన కొత్తలో ఆవిడ ఇలా లేదు. ఎదుటివాళ్లు ఏడిస్తే నమ్మేది. మొదటి ఏడాదే ఒకడు వచ్చి, చచ్చిపోయిన తమ్ముడి కోటంటూ కళ్లనీళ్లు పెట్టుకుంటే, తనూ ముక్కు చీదుకుంటూ తీసి ఇచ్చేసింది. మర్నాడు కోటు అసలు మనిషి వచ్చాడు. దాని జేబులో అతని ఉద్యోగం కాగితాలున్నాయట. అతను గది ముందు మెట్ల మీద చతికిలబడి మధ్యాహ్నమంతా అలాగే ఉండిపోయాడు.

ఆ గదిలో అంతకుముందు ముప్పై ఏళ్లు కూర్చున్నది ఆవిడ మేనమామే. తల్లీతండ్రీ లేని మేనకోడల్ని పెంచి, చివరికి తన కుర్చీ కూడా ఆవిడకే అప్పగించాడు. కోటు సంగతి విని పగలబడి నవ్వాడు.

“ఏడుపు చూడకే పిచ్చిమొహమా, మాట చూడు. నిజం చెప్పేవాడు నీళ్లు నములుతాడు. సంచీలో ఏమేం పడేశామో ఎవడికి గుర్తుంటుంది? అబద్ధమాడేవాడే గడగడా అప్పజెబుతాడు. మూడు ప్రశ్నలెయ్యి. ఒక్కటి తప్పినా పంపించెయ్.”

అంతే, ఆ మూడు ప్రశ్నలూ ఆవిడకి ఊపిరైపోయాయి. ఇరవై ఏళ్లలో ఎంతమంది మొహాలు మాడ్చి పంపిందో లెక్కలేదు. రోజూ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే మంచం మీంచి మామయ్య అడిగేవాడు, “ఇవాళ ఎన్ని అబద్ధాలు పట్టావే?” అని. ఆవిడ మూడనో నాలుగనో చెప్పేది. ఆయన తృప్తిగా తలాడించేవాడు. మనిషికి సందు దొరకాలే గానీ ఎంతకైనా తెగిస్తాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఇంటికొచ్చిన చుట్టాలనీ ఆవిడ అలాగే నిలదీసేది. పెళ్లిమాట తెచ్చినవాళ్లనీ నిలదీసింది. వాళ్లు మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలాయన ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

“అమ్మా, నిన్న మా ఆవిడ బస్సులో పడిపోయింది. నలుగురూ ఎత్తి ఆసుపత్రిలో వేశారు. ఆ కంగారులో సంచీ సీటు మీదే ఉండిపోయింది.”

“ఎలాంటి సంచీ?”

“నల్లది. ఒక పిడి తెగితే నేనే తాడుతో కుట్టాను.”

“లోపల ఏమున్నాయి?”

ఆయన తడుముకోలేదు. “అట్టపెట్టెలో మడత విప్పని శాలువా, తువ్వాలు, దువ్వెన, నీళ్ల సీసా, తెల్ల డబ్బాలో ఆవిడ కట్టుడుపళ్లు, పొట్లంలో ఉడకబెట్టిన గుడ్లు రెండు.”

గడగడా అప్పజెప్పాడు. జల్లెడ చెవులు నిక్కబొడుచుకున్నాయి. లోపలికెళ్లి సంచీ తీసి చూసింది. అన్నీ ఉన్నాయి. గుడ్లు లేవు. పుస్తకంలో రాసిన పట్టీలోనూ లేవు.

“గుడ్లు లేవు పెద్దాయనా.”

“ఉన్నాయమ్మా. నా చేత్తో నేనే సర్దాను. పొద్దున్నే ఉడకేసి…”

“పక్క సీట్లో కూర్చుని సంచీలో తొంగిచూసిన వాళ్లెవరైనా ఇంతమాత్రం చెబుతారు. నా దగ్గర ఈ పప్పులుడకవు.”

ముసలాయన ఊచలకి ఇంకా దగ్గరగా జరిగాడు. “శాలువా నువ్వే ఉంచుకో తల్లీ. ఆ పళ్లొక్కటీ ఇయ్యి. ఏడేళ్లుగా మాతో మాటల్లేని కూతురు దగ్గరికి బయల్దేరాం. ఇప్పుడు ఆ పిల్లే ఆసుపత్రికి వచ్చింది. మా ఆవిడ పళ్లు లేకుండా నా ముందు కూడా నోరు విప్పదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మకి కోపం పోలేదనుకుని ఆ పిల్ల కుమిలిపోతోంది.”

కథ భలే అల్లాడనుకుంది జల్లెడ. వస్తువు తాలూకు మనిషి సంతకంతో ఉత్తరం తెమ్మంది.

బుధవారం తెచ్చాడు. ఆసుపత్రి పేరు, వార్డు నంబరు, మంచం నంబరు, అన్నీ రాసి ఉన్నాయి. ఉత్తరమంతా ఆయన దస్తూరీయే. కింద సంతకం మాత్రం చీమ సిరాలో పడి పాకినట్టుంది. భార్య చేతులు వణుకుతున్నాయని చెప్పాడు. ఆసుపత్రి ముద్ర లేనిదే కుదరదంది జల్లెడ. ఆయన ఉత్తరం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బహుశా నమ్మేదేమో.

గురువారం మధ్యాహ్నం గది ఊడవడానికి వచ్చినామె ఆ సంచీని చూసి ముక్కు మూసుకుంది.

“ఇంకా పట్టుకెళ్లలేదా అక్కా? వచ్చిన రోజు ఎంత కంపు కొట్టిందో! మీరేగా ఆ గుడ్లు పారెయ్యమన్నారు.”

జల్లెడ పుస్తకం లాగి సోమవారం పట్టీ చూసింది. తినే వస్తువేదైనా సంచీలో వస్తే చీమలు పట్టకుండా ఆ రోజే పారేయాలి, పారేసినట్టు పుస్తకంలో రాయాలి. పారేయించింది. రాయడం మరిచిపోయింది. సోమవారం సాయంత్రం బస్సులన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి, ఆ హడావుడిలో.

ఆసుపత్రి పది నిమిషాల నడక. మంచం నంబరుతో సహా ఉత్తరం ఎదురుగానే ఉంది. సంచీ చంకన పెట్టుకుని గేటుదాకా నడిచింది కూడా. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. వెళ్లి ఏమని చెప్పాలి? తప్పు నాదేనని ఆ ముసలాయన ముందు, ఆ కూతురి ముందు, వార్డులో అందరి ముందు చెప్పాలి. ఎలాగూ రేపు ఆయనే వస్తాడు, మారుమాట్లాడకుండా చేతిలో పెట్టేస్తే సరి అనుకుంది. వెనక్కొచ్చి సంచీని యథాస్థానంలో పెట్టేసింది.

శుక్రవారం ఆయన రాలేదు. శనివారం పొద్దున్న నలభై ఏళ్ల ఆడమనిషి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“నల్ల సంచీ అండీ. ఒక పిడికి తాడు కుట్టి ఉంటుందట. మా అమ్మది. అమ్మ నిన్న తెల్లారగట్ల పోయింది.”

జల్లెడ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. కూతురు తెల్ల డబ్బా తీసి, మూత తెరిచి, వెంటనే మూసేసింది.

“ఒక్క మాటైనా మాట్లాడలేదండీ నాతో. నాలుగు రోజులు మంచం పక్కనే కూర్చున్నాను. నాన్నేమో పళ్లు లేక సిగ్గుపడుతోందనేవాడు. పళ్ల కోసం రెండుసార్లు ఇక్కడికొచ్చానని, ఇవ్వలేదని చెప్పాడు. సొంత పళ్లు ఎవరైనా ఇవ్వకుండా ఉంటారా? నేను నమ్మలేదు. నిన్న అందరిలోనూ నానా మాటలూ అన్నాను.” ఆవిడ తలెత్తింది. “నిజంగా వచ్చాడా అండీ?”

ఆ ఉత్తరం జల్లెడ చేతికింద సొరుగులోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. తీద్దామనే అనుకుంది. ఈలోగా నోరు పలికేసింది.

“ఎవరూ రాలేదండీ.”

కాస్తయినా తడుముకోలేదు.

కూతురు సంచీలోంచి అట్టపెట్టె పైకి తీసింది. శాలువా పెట్టె మీద ఉన్నది తన పేరే. ఆ అక్షరాలని బొటనవేలితో నిమిరింది. తర్వాత తువ్వాలు ఎత్తి అడుగున వెతికింది.

“గుడ్లు పెట్టానన్నాడు. బయల్దేరేటప్పుడు నాకిష్టమైనవి ఇంట్లో ఇంకేం లేవని, రెండు గుడ్లు ఉడకబెట్టి తెచ్చానన్నాడు. అదీ అబద్ధమే.”

పుస్తకంలో సంతకం చేసి వెళ్లిపోయింది. పిలవాలని జల్లెడ కుర్చీలోంచి సగం లేచింది. ఊచల అవతల గొడుగు పోగొట్టుకున్న వాడొకడు అప్పటికే వచ్చి నిలబడ్డాడు. ఆవిడ కూర్చుంది. గొడుగు రంగేమిటని అడిగింది. అతను నీళ్లు నమిలాడు. ఆ నీళ్లు నమలడం చూస్తుంటే ఆవిడకి ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మామయ్య దిండుకి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు.

“ఇవాళ ఎన్ని పట్టావే?”

“ఒక అబద్ధం దాటిపోయింది మామయ్యా,” అంది చెప్పులు విడుస్తూ. “ఎవరూ పట్టుకోలేదు.”