పగటి మంచం

సిద్దిపేటలో ఒక ఆడమనిషి వచ్చి "లెవ్వుండ్రి" అనగానే మంచం మీద నుంచి మొట్టమొదట లేచిన మగవాణ్ణి నేనే. తక్కినవాళ్లంతా గుడ్లప్పగించి చూస్తుంటే నేను ధోవతి దులుపుకుని, "కూసో బిడ్డా" అని జాగా ఇచ్చాను. ఈ మాట ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, పంచాయతీల్లో చెప్పుకుంటూనే ఉన్నాను. విననివాళ్లు ఇంకా మిగిలి ఉంటే వినండి.

ఆ ఆడమనిషి పేరు స్వరాజ్యం, దత్తాత్రి భార్య. దత్తాత్రి తొగుటలో ఉన్న ఇరవై ఎకరాలు కౌలుకిచ్చాడు. సిద్దిపేటలో సిమెంటు దుకాణం పెట్టి, అందులో జీతగాణ్ణి కూచోబెట్టి, తాను మాత్రం ఇంటి వసారాలో నవారు మంచం మీద రాజకీయం చేసేవాడు. పొద్దున తొమ్మిదికల్లా నేనూ, కాంట్రాక్టరు యాదగిరీ, ఇంకో ముగ్గురూ చేరేవాళ్లం. ఎవరికి టికెట్టు వస్తుందో, ఎవరికి రాదో తేల్చేవాళ్లం. మేం తేల్చినట్టు ఒక్కటంటే ఒక్కటి జరగలేదు. ఆ వసారాలో తప్పకుండా జరిగింది చాయ్ ఒక్కటే. అది లోపలి నుంచి వచ్చేది. ఎట్లా వస్తుందో మేమెవరం ఆలోచించలేదు. నల్లాలో నీళ్లు ఎట్లా వస్తాయని ఎవరాలోచిస్తారు?

తొంభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. ఒకరోజు రెండో విడత చాయ్ కోసం స్వరాజ్యం సజ్జ మీది చాయ్‌పత్తి డబ్బా వైపు తలెత్తింది. అంతే, కాళ్ల కింద నేల లేనట్టయింది. ఆమే, ఆమెతోపాటు ఆరు కప్పులూ కింద పడ్డాయి.

"ఏం పలిగినయే?" అని వసారా నుంచి అడిగాడు దత్తాత్రి. ఎవరు పడ్డారని కాదు, ఏం పగిలాయని.

"పోనీ తియ్ అన్నా, గిలాసలల్ల పొయ్యమను" అన్నాడు యాదగిరి. విశాల హృదయుడు.

నేల మీద పడి ఉన్న స్వరాజ్యానికి దూలాలన్నీ గానుగలాగా తిరుగుతూ కనిపించాయి. కళ్లు మూసుకుంటే తాను తిరుగుతున్నట్టుంది, తెరిస్తే ఇల్లు తిరుగుతున్నట్టుంది. రెండిటిలో ఇల్లు తిరగడమే నయమనుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో వంటింటికీ వసారాకూ మధ్య తిరిగింది తానొక్కతే, ఒక నిమిషం ఇల్లు కూడా తిరగనీ అనుకుంది. నవ్వొచ్చింది. నవ్వు వెనకే వాంతి వచ్చింది. ఆమె మనసులో అనుకున్నవి నాకెట్లా తెలుసంటారా? చాలా ఏళ్ల తర్వాత తనే నవ్వుకుంటూ చెప్పింది. చెప్పనివి నేను అతికించాను.

అది మొదలు. వంగి ఊడిస్తే తిరిగేది, దండెం మీద బట్టలు ఆరేస్తే తిరిగేది, పడుకుని కుడివైపు ఒత్తిగిల్లితే మరీ తిరిగేది. అత్త లక్ష్మమ్మ వారం రోజులు చూసి, "పని జెప్తెనే తిరుగుతదా పిల్లా? బుక్క పెట్టుకునేటప్పుడు తిరగదా?" అంది. ఆ మాట అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు. తినేటప్పుడు నిజంగానే తిరగడం లేదు, ఎందుకంటే తినేటప్పుడు తల కదలదు. ఆమె పనంతా తల దించడమూ ఎత్తడమే. సూది డాక్టరు మూడు సూదులు పొడిచి, ఎర్రటి టానిక్కు రాసి, నీరసమన్నాడు. దత్తాత్రి మాత్రం మందు లేకుండానే వైద్యం కనిపెట్టాడు. "తల ఎత్తితే తిరుగుతదా? ఎత్తకు మరి" అన్నాడు. ఆ తెలివిని మాకు కూడా చెప్పాడు, మేం నవ్వాం.

రెండు నెలలు గడిచినా తగ్గకపోయేసరికి అదే వసారాలో, మా ముందరే తీర్పు చెప్పాడు. "నెలాఖరు దాంక జూస్త. గప్పటికి తగ్గకుంటే బెజ్జంకిల తల్లిగారింట్ల దిగబెట్టొస్త. అన్నలు జూసుకుంటరు."

వట్టిపోయిన బర్రెను అంగడికి తోలేటప్పుడు కూడా దత్తాత్రి పదిమందిని అడిగేవాడు. దీనికి ఎవరినీ అడగలేదు. తలుపు వెనక నిలబడి విన్న స్వరాజ్యం కళ్ల ముందు బెజ్జంకి వదినల వంటిల్లు మెదిలింది. పడిపోయే మనిషికి పొయ్యి అప్పగించరు. మూలన కూచోబెట్టి చింతపండు గింజలు తీయిస్తారు. చచ్చేదాకా అదే బతుకు.

టైలర్ ఫక్రుద్దీన్ కూతురు కుల్సుం హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి వచ్చి, తండ్రి దుకాణం పైన ఒక గదిలో బోర్డు పెట్టింది. ఆ చదువేమిటో ఊరికి అర్థం కాలేదు. మాలీషు డాక్టరని పేరు పెట్టాం. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు తప్ప ఎవరూ మెట్లెక్కేవారు కాదు. జాకెట్టు కుట్టించడానికి పోయిన స్వరాజ్యం, కొక్కానికి వేలాడే బట్టల వైపు తలెత్తి తూలింది. కుల్సుం పట్టుకుని పైకి తీసుకుపోయింది.

"ఎటు పక్కకు ఒరిగితే తిరుగుతది అక్కా?"

రెండు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న. "కుడి దిక్కు" అంది స్వరాజ్యం.

కుల్సుం ఆమెను బల్ల మీద కూచోబెట్టి, తల పట్టుకుని, కుడివైపు చటుక్కున పడుకోబెట్టి కళ్లలోకి చూసింది. "నీ కండ్లు కొట్టుకుంటున్నయ్ అక్కా. వేషం గాదిది. నోరు అబద్ధమాడుతది గని కండ్లను గిట్ల ఎవలూ ఆడియ్యలేరు."

స్వరాజ్యం ఏడ్చింది. తల తిరిగినందుకు కాదు. తన మాటకు సాక్ష్యం తన కళ్లలోనే ఉందట. ఇంట్లో ఎవరూ ఇన్నాళ్లుగా అటు చూడనేలేదు.

చెవి లోపల సన్నటి రవ్వలుంటాయనీ, అవి ఉండాల్సిన చోటు నుంచి జారాయనీ కుల్సుం చెప్పింది. మందు లేదు, కసరతే. మంచం అంచున కాళ్లు వేలాడేసి కూచోవాలి. ముఖం సగం ఎడమకు తిప్పి కుడి భుజం మీదికి చటుక్కున వాలాలి. తిరుగుడు ఆగాక లేచి కూచోవాలి. మళ్లీ ముఖం కుడికి తిప్పి ఎడమకు వాలాలి. పూటకు అయిదుసార్లు, రోజుకు మూడు పూటలు, పదిహేను రోజులు.

"తిరుగుతది. తిరగనియ్. భయపడి తప్పించుకుంటే తల ఎన్నడూ నేర్వది. కండ్లు మూయకు, ఆగేదాంక జూడు" అంది.

చెప్పడం తేలిక. దత్తాత్రి ఇంట్లో తెల్లారగానే మంచాలన్నీ ఎత్తి గోడకు నిలబెట్టేవారు. కోడలు మొదటిరోజు ఒకటి వాల్చబోతే లక్ష్మమ్మ అడ్డం వచ్చింది. "పగటీలి మంచం వాలిస్తే రోగికైన వాల్చాలె, పీనుగుకైన వాల్చాలె. నువ్వేందో చెప్పు."

"రోగినే అత్తా."

"నడిచే కాళ్లున్నయ్, మాట్లాడే నోరున్నది. ఏం రోగి?"

దత్తాత్రి మధ్యేమార్గం చెప్పాడు. "మూడు పూటలది రాత్రి ఒక్కపారే చెయ్యి. లెక్క సరిపోతది గదా."

ఆ మాట చెబితే కుల్సుం నవ్వింది. "మూడు పూటల అన్నం ఒక్కపారే తింటడా మీ ఆయన?"

స్వరాజ్యం నాలుగు రోజులు దొంగచాటుగా మంచం వాల్చింది. ఒకవైపు వాలేది, తిరుగుడు ఆగక ముందే "గా బియ్యం ఏమైనయ్?" "చాయ్ ఏదే?" అని కేక. రెండోసారి దాకా ఒక్కనాడూ పోలేదు. అయిదో రోజు పొద్దున పొయ్యి దగ్గర మళ్లీ తూలి, మసిలే పాలగిన్నె మీద పడబోయి జానెడు దూరంలో ఆగింది. వసారాలో మగడు యాదగిరితో, "బెజ్జంకికి ఉత్తరం రాస్తున్న" అంటున్నాడు. గోడకు నిలబెట్టిన మంచాలను ఒకటొకటిగా చూసింది స్వరాజ్యం. ఈ ఇంట్లో పట్టపగలు వాల్చి ఉన్నది ఒకే ఒక్క మంచం. దాని మీద కూచున్నవాళ్లలో రోగీ లేడు, పీనుగూ లేడు. పోనీ, రెండోదాని సంగతి రూఢిగా చెప్పలేం.

కొంగు బిగించి వసారాలోకి వచ్చింది. "లెవ్వుండ్రి."

"ఏందే?" అన్నాడు దత్తాత్రి.

"మంచం గావాలె."

"లోపట లేవా?"

"లోపటియి నిలబడ్డయ్. గిదొక్కటే పండుకున్నది."

"వదినే, చాయ్..." అన్నాడు యాదగిరి.

"పత్తి డబ్బా సజ్జ మీదున్నది. నాకు తల ఎత్తద్దని మీ అన్న చెప్పిండు. మీరు ఎత్తుండ్రి."

మొదట లేచింది నేనే అన్నాను కదా. కాదు. దత్తాత్రి లేచాడు, యాదగిరి లేచాడు, అందరూ లేచారు. చిట్టచివర మిగిలింది నేనే. చాయ్ రాకుండా లేవడం నాకు అలవాటు లేదు. ఆమె అంచున కూచుని, ముఖం ఎడమకు తిప్పి, దబీమని కుడికి వాలింది. తల వచ్చి నా తొడ పక్కన పడింది. అప్పుడు లేచాను, తేలు కుట్టినవాడిలా. "కూసో బిడ్డా" అన్నానో, "అమ్మో" అన్నానో మీరే ఊహించుకోండి.

ఆమె కళ్లు మూయలేదు. ఆరు జతల చెప్పులూ, గోడ మీద క్యాలెండరూ, మేమూ గిరగిరా తిరిగాం. మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. ఆగేదాంక జూడు అనుకుంది. చూసింది. దత్తాత్రి ముఖం మొదట పది ముఖాలయింది, తర్వాత నాలుగు, తర్వాత రెండు, చివరికి ఒక్కటై నిలిచింది. నిలిచాక చూస్తే అది చాలా చిన్న ముఖం. మీసానికి వేసిన రంగు చెంపకు అంటుకుని ఉంది. ఇరవై రెండేళ్లు ఈ ముఖం చిట్లించుకుంటుందేమోననేనా తాను ఉప్పూ కారం చూసుకుని వండింది, అనుకుంది. ముప్పై లెక్కపెట్టి లేచి కూచుంది. రెండోవైపు వాలింది.

"మొగోళ్ల ముందర పండుతదా, ఇజ్జత్ లేదా?" అని లక్ష్మమ్మ గడపలో నిలబడి నెత్తి కొట్టుకుంది.

"నన్ను కండ్లు మూయద్దన్నది డాక్టరమ్మ. ఇజ్జతున్నోళ్లు మూసుకుంటరు తియ్ అత్తా."

పదిహేను రోజులు, రోజుకు మూడు పూటలు అట్లాగే జరిగింది. వాడకట్టు ఆడవాళ్లు బిందెలతో ఆగి చూసి పోయేవారు. దత్తాత్రి పోస్టు చేయని ఉత్తరం జేబులోనే నలిగింది. వారానికి తిరుగుడు సగమైంది, పన్నెండో రోజుకు ఈగ వాలినంత. పదహారో రోజు కుల్సుం బల్ల మీద పడుకోబెట్టి చూస్తే కళ్లు కదల్లేదు. స్వరాజ్యం బజారులో నడిచి వస్తూ, పని లేకున్నా నాలుగుసార్లు ఆకాశం చూసింది. నెలాఖరుకు ఇంకా మూడు రోజులుంది.

మర్నాడు పొద్దున వసారాలో మేం ధైర్యంగా కూచున్నాం. తొమ్మిదిన్నరకు ఆమె వచ్చింది. చేతిలో చాయ్ లేదు.

"ఇంక తగ్గలేదా వదినే?" అన్నాడు యాదగిరి.

"తగ్గింది."

"మరి?"

"మరేంది? లెవ్వుండ్రి."

కుడికీ వాలలేదు, ఎడమకూ వాలలేదు. వెల్లకిలా పడుకుని, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, కాళ్లు బార్లా చాపింది. దత్తాత్రి కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయి, సజ్జ మీది డబ్బా అందుకుని, చాయ్ పెట్టి, మొదటి గ్లాసు తెచ్చి భార్య మంచం పక్కన పెట్టాడు.

ఆమెకు తగ్గిందన్నది నిజం, పడుకున్నది నిజం, ఆనాటి నుంచి రోజూ ఆ వేళకు గంటసేపు ఆ మంచం ఆమెదే అయిందన్నదీ నిజం. దత్తాత్రి చాయ్ పెట్టాడన్నదొక్కటే నేను కల్పించింది. మేమంతా చెప్పులేసుకుని హోటలుకు పోయాం. ఎన్నో కోతలు కోశాను గానీ, అంత పెద్ద అబద్ధం నా జన్మలో ఇంకోటి ఆడలేదు.