వంతెన పొడవు

సోమవారం, పొద్దున ఐదున్నర. సన్నటి తుంపర. తల మీద గుడ్డ తడుస్తోంది గానీ, వాన అని చెప్పుకునేంత లేదు.

సెంతనీజ్ కాఫీ గిన్నె దించింది. గ్లాసులో పోస్తుంటే సగం నేల మీద పడింది. నెల రోజులుగా ఆమె చేతులు అంతే. నేల తుడిచి, వెల్లుల్లి బస్తా మూతి ఇంకోసారి బిగించింది. సోమవారం, శుక్రవారం అవతలి దేశంలో సంత. ఇటు హైతీ వైపు వానామెంట్, మధ్యలో నది, నది మీద వంతెన, దాటితే దహబోన్. ఆ రెండు రోజుల సంపాదనే ఏడు రోజుల తిండి.

ఆడపడుచు ఆల్తాగ్రాస్ గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యేసుకుంది. "ఏం వదినా, ఇవాళ మేమంతా పక్కకి జరిగి నీకు దారివ్వాలా?"

"నోరు ముయ్యి."

"మూస్తాలే. ముందు ఆ పుస్తకం ఒక్కసారి చూడనీ."

పాస్‌పోర్టును అక్కడ అందరూ పుస్తకమనే అంటారు. పద్నాలుగు నెలలు తిరగ్గా తిరగ్గా శనివారం చేతికొచ్చింది, అవతలివాళ్ళ వీసా అతికించి మరీ. సెంతనీజ్ రవికెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆల్తాగ్రాస్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "కొత్త చెప్పుల వాసన. ఫోటోలో మాత్రం ఎవరినో చంపొచ్చినట్టున్నావు."

"నవ్వొద్దన్నారు."

"నువ్వెప్పుడు నవ్వావు గనక!"

ఆ వంతెన అందరికీ ఒకే పొడవుండదు. చేతిలో పుస్తకాన్ని బట్టి ఉంటుంది. దూరదేశాల పుస్తకాలున్న తెల్లవాళ్ళకు పన్నెండు అడుగులు. మాట్లాడుకుంటూ ఎక్కుతారు, ఆ మాట పూర్తి కాకముందే దిగుతారు. హైతీ పుస్తకంలో వీసా ఉంటే తొంభై అడుగులు. ఏ పుస్తకమూ లేని సంత జనానికి వెళ్ళేటప్పుడు గంటన్నర, ఇంటిదారి గనక వచ్చేటప్పుడు ముప్పావుగంట. ఒక పుస్తకం ఒక్క అరచేతికే పనిచేస్తుంది. దర్జీ ఫానెల్‌కి అదృష్టం కొద్దీ పెద్ద దేశపు పుస్తకం దొరికితే, పెళ్ళాం చెయ్యి పట్టుకుని వంతెనెక్కాడు. పన్నెండు అడుగుల్లో చూసుకునేసరికి చేతిలో చెయ్యి లేదు. ఆమె వచ్చేదాకా అవతలి గట్టున తిని, పడుకుని, లేచి, ఆలస్యం ఎందుకైందని ఆమెతోనే పోట్లాడాడు. వంతెన ఎందుకిలా అని మాత్రం ఎవరూ అడగరు. నదికి నీళ్ళెందుకని అడుగుతారా?

సంత రోజు సాయంత్రం ఇంటికొకరు, ముందు చేరినవాళ్ళు, ఇవతలి గట్టున నిలబడి, తమ ఇంటి గిన్నె మూత మీద గరిటెతో కొడతారు. ఎంతమంది తిరిగొస్తే అన్ని దెబ్బలు. ఇంకా వంతెన మీద ఉన్నవాళ్ళు విని, తమవాళ్ళు చేరారో లేదో తెలుసుకుంటారు. సెంతనీజ్ ఇంటి మూతకు అంచు చిట్లి ఉంది, దాని మోత వేరు. ఏడేళ్ళుగా ఆ మూత మీద రెండే దెబ్బలు: ఆల్తాగ్రాస్‌కొకటి, తనకొకటి.

కూతురు మాగ్దలాకి ఒక్కసారీ కొట్టలేదు.

మాగ్దలా అవతలే పుట్టింది, సెంతనీజ్ మొగుడితో పాటు అక్కడ వరిచేలల్లో పనిచేసిన రోజుల్లో. ఆస్పత్రిలో కాగితం ఇవ్వలేదు. నువ్వు హైతీ దాని కడుపున పుట్టావు, ఇక్కడి దానివి కాదని అవతలివాళ్ళన్నారు. మా దానివని కాగితమేదని ఇవతలి హైతీవాళ్ళన్నారు. తండ్రి పోయి శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు, పంతొమ్మిదేళ్ళ మాగ్దలా కూడా వంతెనెక్కింది. సాయంత్రం దాకా నడిచింది. విరిగిన దీపస్తంభం ఒకటి తొమ్మిదిసార్లు ఎదురైంది. ఏడ్చి వెనక్కి తిరిగితే, రెండడుగుల్లో మళ్ళీ దహబోన్ సంతలోనే ఉంది. అప్పట్నించి అక్కడే ఒక ఇంట్లో వంటపని. సోమవారం, శుక్రవారం వెల్లుల్లి బస్తా పక్కన కూర్చుని తల్లితో ఓ గంట. అంతే కాపురం.

ఇప్పుడు మాగ్దలాకి నెలలు నిండాయి. కడుపు చేసినవాడు దక్షిణాదికి పనికి పోయి ఫోను ఎత్తడం మానేశాడు. అదీ కాదు సెంతనీజ్ భయం. పోయిన నెల ఎదురింటి జిలెన్‌ని అవతలి సిపాయిలు కాన్పు మంచం మీంచి లేపి, పుస్తకాల్లేనివాళ్ళని దేశంలోంచి వెళ్ళగొట్టే చువ్వల బండి ఎక్కించారు. పుస్తకాల్లేని ముప్పైమంది ఉన్న బండి వంతెన దాటడానికి రెండు రోజులు పట్టింది. బండి దిగిన జిలెన్ చేతుల్లో గుడ్డలో చుట్టిన బిడ్డ ఉంది. బిడ్డ ఏడవలేదు. ఆ గుడ్డ అందుకున్నది సెంతనీజే. ఆ రోజు మొదలైంది చేతుల వణుకు. పుస్తకం చేతికొస్తే కాన్పు దాకా కూతురి దగ్గరే ఉండొచ్చు, ఎవరైనా బండి తెస్తే గుమ్మంలో అడ్డం నిలబడొచ్చు. ఆమె అనుకున్నది అంతవరకే.

ఆల్తాగ్రాస్‌ని సంత జనంలో వదిలి, సెంతనీజ్ పుస్తకం పట్టుకుని వంతెనెక్కింది. అడుగులు లెక్కపెట్టింది. నలభయ్యో అడుగు దగ్గర సోవే కనిపించాడు, ఎప్పట్లాగే సిగరెట్లు, పుదీనా బిళ్ళల పళ్ళెం మెళ్ళో వేలాడేసుకుని. పదకొండేళ్ళ కిందట వంతెన మధ్యలో అతని పుస్తకం నదిలో పడింది. అప్పట్నించి వంతెన దిగలేదు. వచ్చేపోయేవాళ్ళు తిండి పెడతారు.

"ఆగకు చెల్లెమ్మా, నీ వంతెన పొట్టిదైపోయింది, మాటలకి టైం లేదు. ఒక్కటే విను. పుస్తకంతో ఎక్కినదానివి పుస్తకంతోనే రా. ఒకసారి పుస్తకం మనిషివైతే వంతెన నిన్ను మళ్ళీ సంత మనిషిగా చూడదు."

"సరే అన్నా."

"ఒక బిళ్ళ కొనుక్కుపో!"

అప్పటికే ఆమె దిగిపోయింది. తొంభై ఒకటి. ఏడేళ్ళలో మొదటిసారి కాళ్ళు నొప్పి పుట్టకముందే అవతలి గట్టు.

గేటు దగ్గర సిపాయి ఆమెకు తెలిసినవాడే. ప్రతి సంతకీ బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి రెండు గడ్డలు జేబులో వేసుకునేవాడు, "కదులు, కదులు" అని వీపు మీద కర్రతో తట్టేవాడు. ఇవాళ పుస్తకం చూశాడు, ముద్ర వేశాడు, రెండు చేతుల్తో తిరిగిచ్చాడు.

"రండి దోన్యా. బస్తా బరువుగా ఉన్నట్టుంది, జాగ్రత్త."

దోన్యా అంటే వాళ్ళ భాషలో అమ్మగారు. సెంతనీజ్‌కి సంతోషం వేసింది. నాలుగడుగులు పోయాక సిగ్గు వేసింది. మనిషి అదే, గుడ్డ అదే, వెల్లుల్లి అదే.

రెండున్నరకి మాగ్దలా వచ్చింది. గోడ పట్టుకుంటూ, ఆగుతూ వచ్చింది. అప్పటికి ఆల్తాగ్రాస్ కూడా బస్తా దగ్గరే ఉంది.

"ఏమే, ఇంత పాలిపోయావేం?" అంది సెంతనీజ్.

"పొద్దున్నించీ వస్తున్నాయమ్మా."

"ఎంతసేపటికొకటి?"

"ఇందాక రేడియోలో ఒక పాట అయ్యేంత. ఇప్పుడు సగం పాటకే."

"మరి ఆ ఇంటావిడ?"

"మా వీధిలోకి బండి వచ్చిందమ్మా. ఆవిడ నన్ను వెనక తలుపులోంచి పంపేసింది. మంచిదే పాపం, ఏడ్చింది కూడా. తలుపేసుకుని ఏడ్చింది."

"ఆస్పత్రికి..." అని ఆల్తాగ్రాస్ మొదలుపెట్టి ఆపేసింది. ఆస్పత్రి గేటు ముందు బండి ఎప్పుడూ ఉంటుంది.

నాలుగింటికి వంతెన గేట్లు మూసేస్తారు. మళ్ళీ శుక్రవారమే.

సెంతనీజ్ కూతురి కడుపు మీద చెయ్యి పెట్టింది. గట్టిగా, రాయిలా ఉంది. కడుపులో ఉన్నంతసేపే ఆ బిడ్డకి పుస్తకం అక్కర్లేదు. ఇక్కడ పుడితే మనుషులు ఇద్దరు, అరచేయి ఒక్కటి. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. రవికెలోంచి కవరు తీసి, పుస్తకం కూతురి చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా మడిచింది.

"పట్టుకో. నొప్పి వచ్చినా వేళ్ళు విప్పకు. దిగగానే ఎదురుగా నీలం రేకుల ఇల్లు. జిలెన్ ఉంటుంది, పేరు పెట్టి గట్టిగా పిలువు."

"నువ్వో?"

"నాకేం? సంత జనంతో వెనకాలే వస్తా. ఏడేళ్ళు నడిచిన దారే."

మాగ్దలా నమ్మింది. పుస్తకంతో వచ్చినవాళ్ళకి మళ్ళీ సంత జనం దారి ఉండదని ఆమెకు తెలియదు. ఆల్తాగ్రాస్‌కి తెలుసు. వదిన మొహంలోకి చూసింది. చివరికి, "బస్తా నేను మోస్తాలే వదినా" అంది.

గేటు దగ్గర వరసలో మాగ్దలా ముందు, నలుగురి వెనక సెంతనీజ్. పొద్దుటి సిపాయే ఉన్నాడు. పుస్తకం తెరిచి పైకి చదివాడు.

"సెంతనీజ్ ఫ్లెరిమోన్. యాభై మూడేళ్ళు." తలెత్తి మాగ్దలా మొహం చూశాడు. కడుపు చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. "యాభై మూడేళ్ళా?"

మాగ్దలా పెదవి కొరుక్కుంది. నొప్పి వచ్చినట్టుంది.

"పోయేవాళ్ళ వయసు నాకెందుకు," అని సిపాయి ముద్ర గుద్దాడు. "వచ్చేవాళ్ళైతే చూడాలి. కదులు."

దోన్యా అనలేదు. అయినా పంపాడు.

కూతురు వంతెనెక్కడం సెంతనీజ్ గేటు చువ్వల్లోంచి చూసింది. పుస్తకం గుండెలకానించుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ, బాతులా నడిచింది. సగంలో ఒకసారి ఆగి వంగింది. వేళ్ళు విప్పొద్దే తల్లీ, అనుకుంది సెంతనీజ్. విప్పలేదు. విరిగిన దీపస్తంభం ఒక్కసారే వచ్చింది. తర్వాత ఇంటివైపు గట్టున నీలం రేకులు, వాటి ముందు ఎవరో పరుగెత్తుకొచ్చి ఆమెను రెండు చేతుల్తో పట్టుకోవడం. జిలెన్ పరుగెత్తగా చూసి నెలైంది.

సెంతనీజ్ వంతు వచ్చింది. ఆమె చేతుల్లో ఏమీ లేదు. పొద్దున దోన్యా అన్నది ఈమెనేనని పోల్చుకోక, సంత జనం అనుకుని సిపాయి కర్రతో వీపు తట్టాడు.

మొదట ఆల్తాగ్రాస్ పక్కనే నడిచింది, బస్తా తల మీద పెట్టుకుని, మాటలు చెప్తూ. "ఆడపిల్లైతే పేరు నేను పెడతా. ముందే చెప్తున్నా." కాసేపటికి ఆమె రెండడుగులు ముందుంది. తర్వాత పదడుగులు. వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, ఆగుదామని చూస్తూనే ఉంది, కానీ ఆమె వంతెన ఆమెను తీసుకుపోతోంది.

"పద, పద. దాని దగ్గర మనిషుండాలి," అని అరిచింది సెంతనీజ్.

"శుక్రవారం పుస్తకం తెస్తా వదినా!"

జనం పలచబడ్డారు. వెనక గేటు మూసిన చప్పుడు. దీపస్తంభం రెండోసారి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు దాని కింద సోవే కూర్చుని ఉన్నాడు.

"పారేసుకున్నావా?"

"ఇచ్చాను."

సోవే కింద పరిచిన గోనె మీద సగం జరిగాడు. "కూచో. ఈ టైంలో గాలి బాగుంటుంది. గేట్లు మూశాక రెండు వైపులవాళ్ళూ మన జోలికి రారు. మనం ఎవరి లెక్కలోనూ లేం గదా." పళ్ళెంలోంచి బిళ్ళ తీసిచ్చాడు. "డబ్బులొద్దు. ఇవాళ్టికే."

సెంతనీజ్ కూర్చుంది. పొద్దున తొంభై ఒక్క అడుగులకు నొప్పి పుట్టని కాళ్ళు ఇప్పుడు మోకాళ్ళ దాకా మొద్దుబారాయి. "శుక్రవారం మా ఆడపడుచు పుస్తకం తెస్తుంది."

"తేనీ. అందులో ముద్ర పడిందా?"

"పడింది."

"అయితే పుస్తకం ప్రకారం నువ్వు ఇల్లు చేరిపోయావు."

"మరి ఇక్కడున్నదెవరు?"

"కొత్తగా వచ్చావు గనక అడుగుతున్నావు," అన్నాడు సోవే. "నేను మూడో ఏడాదికి మానేశా."

తుంపర ఆగింది. నది మీద వెలుగు పసుపుపచ్చగా పలచబడింది. ఇవతలి గట్టున ఒక్కో ఇంటి మూత మోగడం మొదలైంది. ఎవరింట్లోనో ఐదు. ఎవరింట్లోనో మూడు. సెంతనీజ్ బిళ్ళ బుగ్గన పెట్టుకుని, చప్పరించకుండా, వింది.

చిట్లిన అంచు మోత వచ్చింది. ఒకటి. ఆల్తాగ్రాస్.

రెండు. గట్టిగా, నది అవతలిదాకా వినబడాలన్నట్టు. ఏడేళ్ళ దెబ్బ అది. మాగ్దలా.

తర్వాత ఏమీ లేదు. పక్కిళ్ళ మూతలన్నీ అయిపోయాయి. పక్షులు చెట్లకు చేరాయి. సోవే పళ్ళెంలో సిగరెట్లు ఒక వరసలో పేర్చి, చెరిపి, మళ్ళీ పేర్చాడు. సెంతనీజ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. జిలెన్ గుడ్డ గుర్తొచ్చింది. గుర్తు రావద్దనుకుంది.

అప్పుడు మూడో దెబ్బ. మెల్లగా, పడుకున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు. దాని వెనకాలే నీళ్ళ మీదుగా సన్నటి ఏడుపు, కోపంగా, ఊపిరి తీసుకోకుండా.

"ఆడపిల్లే," అన్నాడు సోవే. "ఆ గొంతు చూడు."

సెంతనీజ్ చేతులు చూసుకుంది. వణకడం లేదు.

మూత నాలుగోసారి మోగింది. ముద్ర పడ్డ పుస్తకం ఇంట్లో ఉంది గదా, అందుకని కొట్టి ఉంటుంది ఆల్తాగ్రాస్. లేకపోతే కొట్టకుండా ఉండలేక కొట్టి ఉంటుంది.

సెంతనీజ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆల్తాగ్రాస్ చేరింది. మాగ్దలా చేరింది. పసిది చేరింది. నాలుగో వేలు కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత దాన్ని కూడా మడిచింది.

నలుగురు.