పోగు నడిచే తోవ

మగ్గం మీద వేలాడుతున్న పోగులన్నీ సోమ్లీ పీకి పారేసింది. చెడగొడదామని కాదు, శుభ్రం చేద్దామని.

పొద్దున సోమయ్య నేసిన బట్టను కోసి భుజాన వేసుకుని, "మగ్గం జర సాఫ్ జేసి పెట్టు బిడ్డా, కొత్త పడుగు తెస్త" అని చెప్పిపోయాడు. బట్ట పోయాక జానెడేసి పోగులు మిగిలాయి, చివర్లు ముడులేసి. సోమ్లీది తొర్రూరు దగ్గరి తండా. అద్దాల కుట్టు కుట్టే చెయ్యి. కుట్టు వెనక ఒక్క దారం వేలాడినా గోరీ అత్త వేళ్ల మీద కొట్టేది. అందుకే ముడులు విప్పి, తలలో పేలు తీసినంత ఓపికగా ఒక్కో పోగూ లాగి, ఊడ్చి బయట పోసింది. తన పని చూసుకుని తానే మురిసింది.

సోమయ్య వచ్చాడు. మగ్గం చూశాడు. భుజం మీది పడుగు, ఆ నిలువు పోగుల చుట్ట, దించకుండానే గడప మీద కూలబడ్డాడు.

"పోగులేవే?"

"తీసేసిన బాపూ. సాఫ్ జెయ్యుమన్నవ్ గద."

ఆయన పడుగును ఒళ్లోకి దించుకున్నాడు.

తండాలో ఆడవాళ్లు కుట్టే బట్ట బజారుది. పది అద్దాలు కుడితే పదకొండో అద్దానికి చిరుగుతుంది. మన బట్ట మనమే నేసుకుంటే ఆ పీడ వదులుతుందని సోమ్లీ పంతం పట్టింది. కొడకండ్లలో ఈ నేతగాళ్ల వీధికి వచ్చి నేర్పమని అడిగితే, నీ కులానికి మగ్గమెందుకే అన్నవాళ్లే ఎక్కువ. ఆ అన్నవాళ్ల పిల్లలు ఒక్కరూ మగ్గమెక్కరు, భీవండి పోయి మిల్లుల్లో పడ్డారు, అది వేరే సంగతి. సోమయ్య ఒక్కడే రమ్మన్నాడు. నడుము పడిపోయిన మనిషి. ఇన్నాళ్లూ ఆయన పక్కన దారం కండెలు చుట్టించి, కాళ్లూ చేతులూ చూపించి, "ఈ పడుగు సంది నువ్వే నెయ్యి, మగ్గం నీదే" అన్నాడు. ఆ మగ్గాన్నే తాను మూలకు పడేసింది.

ఎదురింటి సురేందర్ తొంగిచూశాడు. "సోమన్నా, తండోళ్లను మగ్గమెక్కిస్తే గిట్లనే ఉంటది మరి."

"అయితే నీ కోడలును తోలు సురేందరూ, ఆమె ఎక్కిస్తది" అంది లోపలి నుంచి కళావతి, సోమయ్య భార్య. "ఏమాయె, చప్పుడు జేస్తలేవు?"

సురేందర్ తల లోపలికి పోయింది.

కళావతి గోడ పట్టుకుంటూ వచ్చింది. షుగరు కళ్లను తినేసింది, వెలుతురూ చీకటీ తప్ప తెలియవు. మగ్గానికి అడ్డంగా కట్టిన దారపు కళ్ల వరుసల మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపింది. అన్నీ ఖాళీ.

"పెండ్లయి అచ్చిన ఏడు ఎక్కించిన బిడ్డా ఇయ్యి" అంది నెమ్మదిగా. "కొత్త పడుగచ్చినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి, బూడిదద్దుకొని పురి తిప్పుతం. గుంజితే పాతది ముందట నడుస్తది, కొత్తది ఎనక పోతది. తోవ మళ్ల ఎయ్యాల్సిన పనే లేదు."

అంటే ఈ ఇంట్లో నేసిన ప్రతి చీరా, ప్రతి పంచా దాని ముందుదాని కొస పట్టుకునే వచ్చింది. ఎక్కడా తెగలేదు. ఈ ముసలామె కొత్తకోడలుగా వేసిన తోవలోనే పోగులన్నీ నడిచాయి. అంత పొడుగు దారం ఈ చిన్న గదిలో ఎట్లా పట్టింది? దాన్నా తాను చీపురుతో ఊడ్చింది?

"నన్ను పొమ్మను అవ్వా."

"పోతే ఎవలు గుచ్చాలె? తెలిసినోళ్లు ఊళ్లె లేరు, నాకు కండ్లు లేవు. సూదిల దారం ఎక్కిస్తవ్ గదనే? కూసో."

కళావతి మగ్గం వెనక, సోమ్లీ ముందు. కళావతి పడుగులోంచి వేళ్లతో తడిమి ఒక్కో పోగు అందిస్తుంది. సోమ్లీ కొక్కెంతో దాన్ని కంటిలోంచి లాగుతుంది. ఒకటి ముందు వరుస కంటిలోకి, ఒకటి వెనక వరుస కంటిలోకి. తర్వాత రెంటినీ కలిపి, పేల దువ్వెన లాంటి అచ్చు పళ్ల సందులోకి. మళ్లీ ముందు, మళ్లీ వెనక. అన్నం తిన్నారు, మళ్లీ కూర్చున్నారు. తెల్లారి మళ్లీ కూర్చున్నారు. మెడలు పట్టేశాయి.

"ఆగు" అంది కళావతి ఒకచోట చెయ్యి పెట్టి. "ఈడ రెండూ ముందటికే పోయినయ్."

నిజమే. ఆ తర్వాత గుచ్చినవన్నీ వెనక్కి లాగి మళ్లీ గుచ్చింది. ఏడుపొచ్చింది. ఏడవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చివరి పోగు ఎక్కింది. సోమయ్య పడుగు బిగించి, కాళ్లకింది చెక్కలకు తాళ్లు కట్టి పక్కకు జరిగాడు. "తొక్కు."

సోమ్లీ మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి కుడిచెక్క తొక్కింది.

పోగుల్లో సగం పైకి లేచాయి. సగం కిందికి దిగాయి. మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక సందు తెరుచుకుంది. దాంట్లోంచి కిటికీ వెలుగు అవతలి కొసకు పారింది. ఒక్క పోగు కూడా దారి తప్పలేదు.

"యాడీ..." అంది సోమ్లీ తన భాషలో. అమ్మను పిలిచినట్టు.

"గట్లనే సూసుకుంట కూసుంటవా? నాడె ఇడువు" అన్నాడు సోమయ్య.

పడవలా మొనదేలిన నాడె విసిరింది. అది అడ్డంగా పోయే పేక దారం లాక్కుంటూ సందులో సగం ఈది, తల తిప్పి గుంటలో పడింది. కళావతి పడీ పడీ నవ్వింది. సోమ్లీ వంగి తీసింది. మళ్లీ విసిరింది. ఈసారి అవతలికి చేరింది. అచ్చు బిగించిన పలక గుంజి పేకను దగ్గరికి కొట్టి, ఎడమచెక్క తొక్కింది. ఇంతసేపూ కింద ఉన్న పోగులన్నీ ఒక్క అడుగుకే పైకొచ్చాయి, పైనున్నవి కిందికి పోయాయి. ఇంత సులువా? ఒక్క కాలు మోపితే కిందివన్నీ పైకా?

కళావతి చెయ్యి చాచి, గోరంత వెడల్పు కూడా లేని కొత్త నేత మీద వేలు పెట్టింది.

"ఒదులున్నది" అంది. "ఇంక గట్టిగ కొట్టు. ఊకె కొడుతనే ఉండు."

సోమ్లీ కొట్టింది.