కొక్కెం బాగుచేయించడానికి

మెడలో బరువుంటే నాకు ఊపిరాడదు. అమ్మమ్మ ఇచ్చిన సన్నగొలుసు, దానికి జోడుగా ఒక నున్నటి ఉంగరం ఉంటే నా పెళ్లికి చాలన్నాను. అమ్మా పెద్దమ్మా ఇంతెత్తున లేచారు. నాన్న ఒక్కడే నా పక్షం.

"పెళ్లికూతురు అది. దాని ఇష్టం," అని వాళ్ల నోళ్లు మూయించాడు. తర్వాత నాన్నే గొలుసు కొక్కెం వదులైందనీ, బాగుచేయించుకొస్తాననీ అంటే, చూసుకోకుండానే తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఇవాళ ఉంగరం కోసం నాన్నా నేనూ నగలకొట్టుకు వెళ్లాం. నచ్చినదాన్ని వేలికి తొడుక్కుని, "నాన్న బాగుచేయమని ఇచ్చిన మా గొలుసు ఇవ్వండి, పక్కన పెట్టి చూస్తాను," అన్నాను కంసాలితో.

అతను అరచెయ్యంత బిళ్ల ఉన్న హారం తెచ్చి నా ముందు పరిచాడు.

"ఇది నాది కాదండీ."

"మీదేనమ్మా. మీ గొలుసు కరిగించి, ఇంకాస్త బంగారం కలిపి చేశాం. డిజైన్ నాన్నగారే దగ్గరుండి ఎంచారు."

నాన్న వైపు తిరిగాను. అద్దాల బీరువాలో దేన్నో తెగ వెతుకుతున్నాడు.

"నలుగురూ వస్తారు కదమ్మా," అని గొణిగాడు. "బోసి మెడతో నిన్నెలా కూర్చోబెట్టను?"

అమ్మయితే పోట్లాడేదాన్ని. పెద్దమ్మయితే కొట్టు దద్దరిల్లేది. ఇది చేసింది నాన్న.

కంసాలి చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు. "కొక్కెంలో రాగి ఎక్కువమ్మా, అందుకే కరిగించలేదు."

విప్పి, కొక్కెం తెరిచి మూశాను. టక్కుమని గట్టిగా పడింది. దానికి ఏ మరమ్మతూ అక్కర్లేదు.